వేసుకోవచ్చు, వేసుకోవద్దు

"రేపు పొద్దున పరగడుపున రావాలండీ. ఆ షుగర్ మాత్ర వేసుకోవ..."

వీడియో కాల్‌లో డాక్టరుగారు అన్న ఆ మాటలో తర్వాతి ముక్క మా నాన్నకు వినపడలేదు. వినపడలేదన్న సంగతి కూడా ఆయనకు తెలియలేదు. ఫోన్లోంచి ‘వ’ కాస్త సాగింది, చివర్లో ఒక ఉకారం వచ్చింది, మిగతాది చెవి తనే పూరించుకుంది. రోజూ వేసుకునే మాత్రే కాబట్టి ‘వేసుకోవచ్చు’ అన్నారనుకున్నాడు. తర్వాత అడిగితే డాక్టరుగారు చెప్పింది ‘వేసుకోవద్దు’ అని.

మర్నాడు మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా, మార్కాపురం దగ్గర మా ఊరి నుంచి బస్సెక్కాడు. స్కానింగ్ సెంటర్లో బల్ల మీద కూర్చోగానే చెమటలు, చేతులు వణుకు. అక్కడున్న నర్సు చూసి గ్లూకోజ్ నీళ్ళు తాగించింది కాబట్టి సరిపోయింది. నేను హైదరాబాద్ నుంచి వెళ్ళేసరికి ఇడ్లీ తిని కూర్చుని ఉన్నాడు. "ఏం లేదురా, కాస్త కళ్ళు తిరిగాయంతే" అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే అలాంటి కాల్స్ చేసే సాఫ్ట్‌వేర్ రాయడమే నా ఉద్యోగం. పదేళ్ళకు పైగా వీడియో, ఆడియో స్ట్రీమింగ్ పనిలోనే ఉన్నాను. ఆ రోజు నాన్న వాడిన యాప్ మా కంపెనీది కాదు. కానీ మాదే అయినా ఆ ముక్క పోయే ఉండేది.

తెలుగులో అర్థం మాట తోకలో ఉంటుంది. తినొచ్చు, తినొద్దు. చేయగలను, చేయలేను. వచ్చాడు, వచ్చాడా. మొదటి అక్షరాలన్నీ భద్రంగా చేరినా, చివరి ముక్క పోతే అర్థం తలకిందులవుతుంది. ‘ద్దు’ పలకడానికి సెకనులో పదోవంతు, కాస్త పైన పడుతుంది. ఇంటర్నెట్ కాల్‌లో గొంతును సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. ఒక్కో ముక్క ఒక ప్యాకెట్, సెకనుకు 50. అంటే ‘వద్దు’కీ ‘వచ్చు’కీ ఉన్న తేడా అంతా ఐదారు ప్యాకెట్లలో ఉంటుంది. అవి దారిలో పోతే కోడెక్, అంటే గొంతును కుదించి పంపి అవతల మళ్ళీ విప్పే సాఫ్ట్‌వేర్, ఏం చేస్తుంది? నిశ్శబ్దం వినిపిస్తే బాగుండదని, అంతకుముందు విన్న స్వరాన్నే సాగదీసి మెల్లగా తగ్గిస్తుంది. నాన్న విన్న ఆ సాగిన ‘వ’ అదే అయి ఉంటుంది.

ఈ వ్యాసంలో నేను అడిగేది ఒక్కటే. వీడియో కాల్‌లో బొమ్మకు ఇచ్చే నెట్ వాటాలోంచి కొంత తీసి, పోయిన మాటను దిద్దుకోవడానికి పెట్టండి. నెట్ బాగాలేని చోట మరీను. ఎక్కడో మెనూలో దాక్కున్న సెట్టింగ్‌గా వద్దు, మొదటి నుంచీ అలాగే ఉండాలి.

దిద్దుకోవడం అంటే ఏమిటో చదివింపుల పుస్తకంతో చెబుతాను. పెళ్ళిలో ఒక మూల బల్ల వేసుకుని కూర్చున్న పెద్దాయన వరుసగా రాశాడు: 116, 516, 1116, 216, 1016. పేజీ అడుగున మొత్తం 2980. ఎవరిదో కాఫీ ఒలికి నాలుగో వరుస అలుక్కుపోయింది. ఏం ఫర్వాలేదు. మిగిలిన నాలుగూ కూడి 2980లోంచి తీసేస్తే 216 వస్తుంది. ఇచ్చినాయనను వెతుక్కుంటూ వెళ్ళి "బాబాయ్, మీరెంత చదివించారు?" అని అడగక్కర్లేదు. ఐదు వరుసలకు ఒక వరుస అదనంగా రాసినందుకు దక్కిన ఫలితం అది. నెట్‌వర్క్ వాళ్ళు దీన్ని ప్యారిటీ అంటారు, మొత్తం పద్ధతిని ఫార్వర్డ్ ఎర్రర్ కరెక్షన్ అంటారు. తప్పు జరగకముందే దాని మందును వెంట పంపడం.

కాఫీ రెండు వరుసల మీద పడితే? ఒక్క మొత్తం చాలదు. రెండు, నాలుగు వరుసలు కలిపి 732 అని తెలుస్తుంది గానీ ఎవరిదెంతో తెలియదు. కానీ ఆ పెద్దాయన ఇంకొక పని కూడా చేసి ఉంటే? వరుస నంబరుతో ఆ అంకెను గుణించి, వాటి మొత్తం కూడా అడుగున రాసి ఉంటే? 1×116, 2×516, 3×1116, 4×216, 5×1016, అన్నీ కలిపితే 10440. మిగిలిన మూడు వరుసలవి తీసేస్తే 1896. ఇప్పుడు రెండు లెక్కలున్నాయి. రెండు అంకెలూ కూడితే 732, మొదటిదాన్ని 2తో, రెండోదాన్ని 4తో గుణించి కూడితే 1896. ఎనిమిదో తరగతి పిల్ల కాగితం మీద చేసేస్తుంది: 516, 216. ఎన్ని అదనపు వరుసలు రాస్తే అన్ని పోయిన వరుసలు తిరిగొస్తాయి. ఏ వరుసలు పోయాయన్నది అనవసరం, ఎన్ని పోయాయన్నదే లెక్క. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ ప్రచురించిన పద్ధతికి ప్రాణం ఇదే. వాళ్ళ గణితం వేరే రకం అంకెల మీద నడుస్తుంది గానీ ఆలోచన చదివింపుల పుస్తకంలో పట్టేంతే. గీతలు పడిన సీడీ ఆగకుండా పాడిందంటే, చిరిగిన క్యూఆర్ స్టిక్కర్ మీద కూడా డబ్బులు వెళ్తున్నాయంటే, వాళ్ళ పుణ్యమే.

అంతకు ముందు రిచర్డ్ హామింగ్ అనే అమెరికా గణితవేత్త ఉన్నాడు. 1940ల చివర్లో అక్కడి టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో శని ఆదివారాలు మెషీన్‌కు లెక్కలు అప్పగించి వెళ్ళేవాడు. ఎక్కడో ఒక తప్పు దొర్లగానే మెషీన్ దాన్ని పసిగట్టి ఆ లెక్కను వదిలేసి తర్వాతి పనికి పోయేది. సోమవారం వచ్చి చూస్తే ఏమీ ఉండేది కాదు. తప్పు ఉందని కనిపెట్టగలిగిన మెషీన్ అది ఎక్కడుందో కనిపెట్టి దిద్దుకోలేదా అన్న ఆయన విసుగులోంచి 1950 నాటి వ్యాసం పుట్టింది. మన ప్యాకెట్ల విషయంలో ఆ కష్టం సగమే. ప్రతి ప్యాకెట్ మీదా వరుస సంఖ్య ఉంటుంది కాబట్టి ఏది పోయిందో ముందే తెలుసు. ఏ వరుస మీద కాఫీ పడిందో కనిపిస్తూనే ఉంటుంది.

ఇక్కడ ఒక పక్కమాట. వేదం చదువుకున్నవాళ్ళు ఘన చెప్పేటప్పుడు పదాలను ముందుకూ వెనక్కూ తిప్పి చెబుతారు. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు. అలా సాగితే మధ్యలో ఉన్న ప్రతి పదమూ 13 సార్లు నోట్లోంచి వస్తుంది. ఒకచోట జారితే పక్క వరుస పట్టిస్తుంది. పద్యంలో ఇంకా పొదుపైన ఏర్పాటుంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, రెండో అక్షరం ప్రాస. తాటాకులో ఒక పాదం రెండో అక్షరాన్ని పురుగు తినేసినా మిగిలిన మూడు పాదాలు అక్కడ ఏ హల్లు ఉండాలో చెప్పేస్తాయి. మనవాళ్ళకు అన్నీ ముందే తెలుసనడం నా ఉద్దేశం కాదు. దారిలో కొంత పోతుందని ముందే ఒప్పుకున్న ప్రతివాడూ, తాటాకు మీదైనా తీగ మీదైనా, ఇలాంటి ఏర్పాటే చేసుకుంటాడంటున్నాను.

టీవీ వాళ్ళు ఎప్పుడో ఒప్పుకున్నారు. ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మన మేడ మీది డిష్ దానితో "ఆ ముక్క రాలేదు, మళ్ళీ పంపు" అనలేదు. వెనక్కి దారే లేదు. అందుకే మొదటి తరం డిజిటల్ ఉపగ్రహ ప్రసారాల్లో ప్రతి 188 బైట్ల ప్యాకెట్ వెంటా 16 బైట్ల రీడ్ సాలమన్ అదనం పంపేవారు, 8 బైట్ల దాకా తప్పులు అక్కడికక్కడే దిద్దుకోవడానికి. అది కాక లోపల ఇంకో పొర ఉండేది. అందుకే చిన్న జల్లుకు ఏమీ కాదు. పెద్ద వానకు బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగి ఒక్కసారిగా పోతుంది. అక్కడిదాకా దిద్దుతూ వచ్చి, ఇక చేతకాక చేతులెత్తేసిందన్నమాట.

రికార్డయిన వీడియో చూసేటప్పుడు ఇదేమీ అక్కర్లేదు. ప్యాకెట్ పోతే మళ్ళీ అడిగి తెప్పించుకోవచ్చు. ముందే కొన్ని సెకన్ల వీడియో దాచిపెట్టుకుని ఉంటుంది కాబట్టి మనకు తెలియదు కూడా. ఫోన్లో లైవ్ క్రికెట్ కూడా అంతే. పక్కింటి టీవీలో సిక్స్ కేక వినిపించాక మన ఫోన్లో బౌలర్ పరుగు మొదలవుతుంది. అది నిల్వకు కట్టే వెల, దాన్ని భరించొచ్చు. ఇద్దరు మనుషులు మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఆ నిల్వ పెట్టుకోలేం. మాట అటు నుంచి ఇటు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిదని టెలిఫోన్ ప్రమాణాలు చెబుతాయి. అది దాటుతున్న కొద్దీ ఒకరి మాట మీద ఒకరు పడిపోతాం. "చెప్పు చెప్పు", "లేదు నువ్వే చెప్పు" అనుకుంటాం.

మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది. హైదరాబాద్ నుంచి అక్కడికి ఎంత తిన్నగా గీత గీసినా 14 వేల కిలోమీటర్ల పైమాటే. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ఒక వైపు ప్రయాణానికే 70 మిల్లీసెకన్లు. నిజం కేబుళ్ళు వంకరలు తిరుగుతాయి కాబట్టి ఇంకా ఎక్కువే. పోయిన ముక్కను మళ్ళీ అడగాలంటే మూడు ప్రయాణాలు: మొదట రావాల్సింది రాలేదని తెలియడానికి ఒకటి, "మళ్ళీ పంపు" అని కబురు పెట్టడానికి ఇంకొకటి, అది రావడానికి మరొకటి. గాజు తీగ ఒప్పుకునే అతి తక్కువ లెక్కలోనే 210 మిల్లీసెకన్లు. మాట చల్లారిపోతుంది. ఎంత గొప్ప ఇంజినీరైనా ఎంత డబ్బు పోసినా ఆ తీగ మీద ఆ 210ని తగ్గించలేరు. వెంట పంపిన అదనపు ముక్క ఒక్కటే దారి.

దగ్గరి కాల్స్‌లో మళ్ళీ అడగడం బాగానే పనిచేస్తుంది, పొదుపు కూడా. దాన్ని నేను కాదనను. కానీ నాన్న మాట్లాడినలాంటి చోట దూరం కంటే టవర్ దగ్గరి రద్దీ పెద్దది. సాయంత్రం ఊరంతా ఫోన్లు పట్టుకున్నాక క్యూ పెరిగి, పక్క జిల్లాకు పంపిన ప్యాకెట్ కూడా అమెరికాకు పోయినంత ఆలస్యమవుతుంది. "మళ్ళీ పంపు" అన్న కబురే దారిలో పోవచ్చు.

అదనపు ముక్క ఎంత పని చేస్తుందో చూడండి. నూటికి 5 ప్యాకెట్లు పోతున్నాయనుకుందాం. సెకనుకు 50లో రెండున్నర. మాట గరగరలాడుతుంది. ఇప్పుడు ప్రతి ప్యాకెట్‌లోనూ అంతకుముందు ముక్క నకలు కూడా పెట్టి పంపితే, ఒక ముక్క పోవాలంటే రెండూ పోవాలి. 400కు ఒకటి. అంటే 8 సెకన్లకు ఒకసారి, 20 మిల్లీసెకన్లు. చెవి పట్టించుకోదు.

ఈ లెక్కలో ఒక దొంగ ఉన్నాడు. ప్యాకెట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పోతాయని అనుకున్నాం. పోవు. ఆ సంఘటన తర్వాత ఒక మధ్యాహ్నం మా ఊరి మేడ మీద రెండు ఫోన్లతో కూర్చుని ఏ నంబరు ప్యాకెట్లు చేరలేదో రాసుకున్నాను. నీళ్ళ ట్యాంకుకు ఇటువైపు ఒకలా, అటువైపు ఒకలా. కాసేపు అన్నీ చేరతాయి. అంతలో వరుసగా మూడో నాలుగో పోతాయి, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. ఒకటి పోయిందంటే దాని పక్కది కూడా పోయి ఉండే అవకాశమే ఎక్కువ. నకలు పక్క ప్యాకెట్‌లోనే ఉంటే రెండూ కలిసి మునుగుతాయి. ఓపస్ అనే కోడెక్‌లో 2012 నుంచీ ఉన్న దిద్దుబాటు ఏర్పాటు అలాంటిదే, ఒక్క ముక్క వెనక్కే చూస్తుంది. ఒకటి పోతే కాపాడుతుంది, నాలుగు కలిసి పోతే చివరిదాన్ని మాత్రమే తేగలదు.

విరుగుడు దూరం పెంచడం. నకలును నాలుగు ప్యాకెట్ల తర్వాత పెట్టండి. అప్పుడు నాలుగు కలిసి పోయినా నకళ్ళు వెనక బండిలో వస్తాయి. వెల 80 మిల్లీసెకన్ల ఎదురుచూపు. 70కి 80 కలిపితే 150. డల్లాస్ కాల్‌కు కూడా దాదాపు గీత మీద సరిపోతుంది! మళ్ళీ అడిగితే అయ్యే 210తో పోల్చుకోండి. ఇలా పాత ముక్కల నకళ్ళను కొత్త ప్యాకెట్లలో కలిపి పంపే పద్ధతికి ఇంటర్నెట్ ప్రమాణం 1997లోనే వచ్చింది. ముఖ్యమైన భాగానికి ఎక్కువ రక్షణ, మిగతాదానికి తక్కువ ఇచ్చే ప్రమాణం 2007లో వచ్చింది. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. వాడాలన్న నిర్ణయమే కావాలి.

ఇక ఖర్చు. ఈ విషయం మీదే మా ఆఫీసులో నేను ఎక్కువసార్లు గొంతు పెంచింది. మంచి నాణ్యతలో గొంతు పంపడానికి సెకనుకు 24 వేల బిట్లు చాలు. చూడ్డానికి బాగున్న 720 పిక్సెళ్ళ బొమ్మకు 15 లక్షలు వేసుకోండి. మాట ఖరీదు బొమ్మ ఖరీదులో అరవయ్యోవంతు. మొత్తం మాటను రెండోసారి పంపినా గంటకు 11 ఎంబీ. బొమ్మ గంటకు 675 ఎంబీ. బొమ్మను ఒక మెట్టు దించితే మాటకు నాలుగైదు నకళ్ళు పంపుకోవచ్చు. డేటా అయిపోతుందని బెంగపడే ఇళ్ళలో కూడా ఈ లెక్క నిలుస్తుంది, ఎందుకంటే అదనం పెరిగిన దానికంటే బొమ్మలో తగ్గింది ఎక్కువ.

అయినా చాలా చోట్ల జరిగేది దీనికి ఎదురు. నెట్ కాస్త సన్నగిల్లగానే యాప్ బొమ్మను పట్టుకుని వేలాడుతుంది. బొమ్మ మసకబారితే యూజర్ వెళ్ళిపోతాడని భయం. మాట ముక్కలవుతుంటే అతుకులేసి సరిపెడుతుంది. బొమ్మ మసక కంటికి కనిపిస్తుంది, ఎవరైనా ఫిర్యాదు చేస్తారు. పోయిన ‘ద్దు’ ఎవరికీ కనిపించదు. నాన్న ఆ కాల్ అయ్యాక స్టార్లిమ్మంటే ఐదూ ఇచ్చేవాడు. డాక్టరుగారి ముఖం స్పష్టంగా కనిపించింది కదా.

ఎదురు వాదనలు గట్టివే ఉన్నాయి. గూగుల్, నెట్ మీద డేటా పంపడానికి చేసుకున్న తన క్విక్ ప్రోటోకాల్‌లో మొదట్లో ఇలాంటి ప్యారిటీ ప్యాకెట్లు పెట్టి చూసింది, ఆశించిన లాభం లేదని తీసేసింది. ఆ మాట ఎత్తని మీటింగ్ లేదు. కానీ వాళ్ళు పెట్టింది చదివింపుల పుస్తకంలో మొదటి మొత్తం లాంటిది, ఒక గుంపుకు ఒక్క ప్యారిటీ. గుంపులో రెండు పోతే దానివల్ల ఉపయోగం లేదు. పైగా వాళ్ళు ఎక్కువగా చూసింది వెబ్ పేజీలు, వీడియోలు. అక్కడ మళ్ళీ అడిగే తీరిక ఉంటుంది. ఆ తీర్పును తెచ్చి డాక్టరు కాల్ మీద రుద్దడం న్యాయం కాదు.

రెండో వాదన ఇంకా బలమైనది. ప్యాకెట్లు పోతున్నది రద్దీ వల్ల అయితే, అదనంగా పంపడం రద్దీని పెంచుతుంది. ఇరుకు వంతెన మీద బండ్లు ఆగిపోయాయని ఇంకో నాలుగు బండ్లు తోలినట్టు. ఇది నిజం. అందుకే అదనం పైన కలపకూడదు, బొమ్మ వాటాలోంచి తీయాలి అంటున్నాను. మొత్తం బండ్లు పెరగకూడదు. ఎవరి బండి ముందు పోవాలన్నదే మారాలి. ఈ షరతు మర్చిపోయి అదనాన్ని ఇష్టం వచ్చినట్టు పంపే యాప్ ఊరందరి నెట్‌నూ పాడుచేస్తుంది.

మూడోది ఈమధ్య వింటున్నది: ఇప్పుడు ఏఐ ఉంది కదా, పోయిన ముక్కను అదే ఊహించి పూడ్చేస్తుంది కదా అని. నాకు అన్నిటికంటే భయం వేసేది ఈ మాటే. ఊహించడం వేరు, దిద్దడం వేరు. చదివింపుల పుస్తకంలో పోయిన వరుసకు "ఈయన ఎప్పుడూ 116 ఇస్తాడు కదా" అని రాసేయడం ఊహ. 2980లోంచి తీసి రాయడం దిద్దుబాటు. నాన్న చెవి చేసింది ఊహే. ఎప్పుడూ వేసుకునే మాత్ర కాబట్టి ‘వచ్చు’. సాగిన ‘వ’ స్థానంలో మెషీన్ చక్కని, తడబాటు లేని ‘వచ్చు’ అతికి ఇస్తే అనుమానపడే దారి కూడా ఉండదు. అదే విద్యను దిద్దుబాటుకు వాడిన పద్ధతీ ఉంది. 2024 మార్చిలో వచ్చిన ఓపస్ 1.5, న్యూరల్ నెట్‌వర్క్‌తో గడిచిన మాటను బాగా కుదించి, ఒక సెకను దాకా ప్రతి ప్యాకెట్ వెంటా పంపగలదు. అక్కడ పంపినవాడి గొంతులోంచి వచ్చిన సమాచారమే ప్రయాణిస్తుంది. అవతలివైపు కూర్చుని కల్పించరు. ఏఐని నమ్మాలంటే నేను నమ్మేది ఆ వైపు.

మా టీమ్‌లో చివరికి ఒప్పుకున్నారు. ప్యాకెట్లు గుంపుగా పోవడం మొదలవగానే బొమ్మ ఒక మెట్టు దిగుతుంది, మాటకు దూరం పెంచిన నకళ్ళు మొదలవుతాయి. మెనూలో దానికి బటన్ లేదు, ఎవరూ నొక్కక్కర్లేదు. బొమ్మ మసకగా ఉందని ఫిర్యాదులు వస్తాయని ముందే చెప్పారు. వచ్చాయి కూడా. ఒక్కోదానికీ నేనే జవాబు రాస్తున్నాను.

మొన్న మూడు నెలల తర్వాత మళ్ళీ స్కాన్. డాక్టరుగారు వాడే యాప్ ఇంకా పాతదే. నేను పక్కనే కూర్చున్నాను. "షుగర్ మాత్ర వేసుకోవద్దండీ" అన్నది ఈసారి నాకు స్పష్టంగానే వినపడింది. నాన్న మాత్రం ఫోన్ దగ్గరికి వంగి, "చకారమా, దకారమా డాక్టరుగారూ?" అన్నాడు.

ఆయన ఒక క్షణం ఆగి, "దకారమేనండీ. వద్దు" అన్నారు.

నాన్న గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ గడిలో ‘ద్దు’ అని రాసి, చుట్టూ సున్నా చుట్టాడు.